లినక్స్ మీద బెల్దా లైను

డిగ్రీ పాసయ్యానని తెలిసిన రోజు మలంచా రోడ్డు మీద కనిపించిన ప్రతివాళ్ళకీ ఆ సంగతి చెప్పాను. పాలు పోసే దాదాకి చెప్పాను. ఆటో కోసం నిలబడ్డ ఎవరో దీదీకి చెప్పాను. ఆవిడ నన్ను అంతకుముందు చూసింది లేదు, అయినా "ఖూబ్ భాలో" అని మెచ్చుకుని నా చెయ్యి పట్టుకుంది. మా తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే పనికని బెంగాల్లోని ఈ ఖరగ్‌పూర్ వచ్చిన కుటుంబం మాది. వచ్చినవాళ్ళంతా వర్క్‌షాపులోకి వెళ్ళారు, వాళ్ళ పిల్లలూ అక్కడికే వెళ్ళారు. చదువు ఎప్పుడూ పదో తరగతి గుమ్మం దగ్గరే ఆగిపోయేది. కంప్యూటర్లు చదువుకుని డిగ్రీ దాకా వచ్చినవాళ్ళలో నేనే మొదటిదాన్ని. అలాంటి కబురు కడుపులో ఎలా ఆగుతుంది?

ఆగని కబురు ఇంకోటి ఉంది. ఆ చదువుతో ఇంట్లో నేను చేసిన మొట్టమొదటి పని. మా కంప్యూటర్‌లో విండోస్ తీసేసి లినక్స్ పెట్టాను. పెట్టె అదే, తెర అదే, లోపల దాన్ని నడిపించే మూలం మారిపోయింది. రోజువారీ పనులకీ ఆటలకీ కూడా సరిపోయింది. ఈ రెండో కబురుకి మాత్రం ఎవరూ నా చెయ్యి పట్టుకోలేదు. కొత్త డాక్టరు పాత మందులన్నీ మాన్పించినప్పుడు చూస్తారే, ఇంట్లోవాళ్ళు నన్ను అలా చూశారు.

అలా చూడటానికి కారణం నాన్న వేసుకున్న రైలు లైను.

నాన్న ఉద్యోగమంతా వ్యాగన్ల కింద గడిచింది. బ్రేకులు బిగించే ఫిట్టరు. రిటైరయ్యాక న్యూ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో క్వార్టరు ఖాళీ చేసి మలంచాలో అద్దె ఇంటికి వచ్చాం. కొత్త ఇంటి నీళ్ళూ ఇరుగుపొరుగూ అమ్మకి తొందరగానే అలవాటయ్యాయి. నాన్నకి ఏదీ అలవాటు కాలేదు. పొద్దున్నే తయారైపోయేవాడు, వెళ్ళడానికి చోటు లేదు. గుమ్మంలో నిలబడి వచ్చే పోయే ఆటోల బ్రేకుల చప్పుడు వింటూ, "ఇది ఆగుద్ది", "ఇది ఆగదు" అని తనలో తనే తీర్పులు చెప్పుకునేవాడు.

అప్పుడే నా చదువు కోసం ఒక పాత కంప్యూటర్ కొన్నాం. ఇక్కడి ఇంజనీరింగ్ సంస్థలో చదువు ముగించుకుని వెళ్ళిపోతున్న తెలుగబ్బాయి దాన్ని అమ్మేశాడు. అతనికి ఆటల పిచ్చి ఉండేదట, మంచి గ్రాఫిక్స్ కార్డు వేయించాడు. ఆ కార్డు ఊరికే పడి ఉండటం ఎందుకని, నాన్న కాలక్షేపానికి నేనొక రైలు నడిపే ఆట పెట్టాను. ఇంజన్‌లో డ్రైవరు సీట్లో కూర్చుని బండి తోలడమే ఆట.

మొదట్లో నాన్నకి అది నచ్చలేదు. ఎక్కడివో మంచు కొండలు, మనిషి కనపడని స్టేషన్లు. "గేటు కాడ ఒక్క మేకైనా లేదేటి? ఎవులూ తిరగని ఊరికి రైలెందుకు?" అన్నాడు. తర్వాత ఆ ఆటలో మన లైను మనమే వేసుకోవచ్చని చూపించాను. పట్టాలు, సిగ్నళ్ళు, వంతెనలు, స్టేషన్లు అన్నీ మన ఇష్టప్రకారం నిలబెట్టుకోవచ్చు. ఆ రోజు నుంచి నాన్న మాకు దొరకలేదు. ఖరగ్‌పూర్‌లో మొదలుపెట్టి దక్షిణం వైపు వేసుకుంటూ పోయాడు. హిజ్లీ, బేనాపూర్, నారాయణగఢ్. అనుమానం వస్తే ప్యాసింజరు ఎక్కి నిజంగా అక్కడిదాకా వెళ్ళేవాడు. కిటికీ పక్కన కూర్చుని చూసి వచ్చి, చెరువుని ఎడమ పక్క నుంచి కుడి పక్కకి మార్చేవాడు. స్టేషన్ బోర్డుల మీద బెంగాలీ, హిందీ, ఇంగ్లీషు వరసల కింద తెలుగులో ఇంకో వరస రాసేవాడు. నిజం బోర్డుల మీద ఆ వరస లేదు.

"మొగుడు రిటైరయ్యి ఇంటికొచ్చినాడు అనుకున్నాను. మళ్ళీ డ్యూటీకెల్లిపోనాడు" అనేది అమ్మ.

నేను పాసయ్యే నాటికి ఆ లైను బెల్దా దాకా వచ్చింది. మా నాన్నకి తిండీ నిద్రా తర్వాత ఉన్న పని అదొక్కటే.

అప్పుడు తెర మీద ఒక హెచ్చరిక రావడం మొదలైంది. ఈ పాత విండోస్‌కి ఇక భద్రతా మార్పులు అందవు, కొత్తదానికి మారండి అని. కొత్తది పెడదామంటే అది మా పాత పెట్టెని ఒప్పుకోదు. ఆ సందేశం వచ్చిన ప్రతిసారీ నాన్న దాన్ని మూసేసి, "నన్ను బెదిరిస్తన్నాది" అనేవాడు. పైగా కంప్యూటర్ తెరుచుకునే లోపు టీ కాచి తాగెయ్యొచ్చు. ఫ్యాను మోత వంటింట్లోకి వినపడేది.

ఒక సాయంత్రం టీల దగ్గర నేను మాట ఎత్తాను. పక్క గల్లీలో ఉండే బాబాయ్ కూడా ఉన్నాడు. బంధువేం కాదు. నాన్నతో ఒకే వర్క్‌షాపులో పనిచేసి, నాన్నతోపాటే రిటైరైనవాడు. ఒకసారి ఫోన్లో బహుమతి వచ్చిందని ఎవరో చెబితే ఏదో నొక్కి చిక్కుల్లో పడ్డాడు. అప్పట్నుంచి అనుమానించే విషయంలో ఆయనకి మా పేటలో మంచి పేరు వచ్చింది.

"లినక్స్ అని ఒకటుంది నాన్నా. అది పెడితే ఈ కంప్యూటరే గాలిలా పనిచేస్తాది. ఊరికే ఇస్తారు" అన్నాను.

"ఊరికేనా?"

"ఊరికే. ప్రపంచంలో ఎక్కడెక్కడివాళ్ళో కలిసి చేసినారు."

"ఎందుకు సేసినారు?"

"ఇష్టమై చేసినారు."

"ఇష్టమైతే పేకాడతారు. పని సెయ్యరు" అన్నాడు నాన్న.

బాబాయ్ గ్లాసు కింద పెట్టాడు. "అన్నా, ఊరికే ఒచ్చిన ఇంటికి ఎనక ఇంకో తలుపుంటాది. దాని తాళం నీ కాడ ఉండదు."

"దీంట్లో ఏదీ దాచలేదు బాబాయ్. లోపల ఎలా రాసినారో ఎవరైనా చదూకోవచ్చు."

"నువ్వు సదివినావేటి?"

చదవలేదు. ఆ ప్రశ్న వస్తుందని అనుకోలేదు కూడా. "నాలాంటోళ్ళు చాలామంది చదివినారు" అన్నాను.

"అదీ సంగతి" అన్నట్టు బాబాయ్ నాన్న వైపు చూశాడు.

నాన్న ఆలోచన అంతా ఇంకోచోట ఉంది. "నా ఆట ఆ విండోసు కోసం సేసినాది కదేటి? మీటర్ గేజ్ బండిని తీసుకెళ్ళి బ్రాడ్ గేజ్ మీద పెడతానంటావేటమ్మా?"

ఎంత మంచి ప్రశ్న అడిగాడోనని నేను సంబరపడిపోయాను. "మధ్యలో ఒక ప్రోగ్రాం ఉంటాది నాన్నా. ఆట విండోస్ భాషలో ఏదడిగినా, దాన్ని లినక్స్‌కి అర్థమయ్యేలా చెబుతాది. బండి కింద చక్రాలు మార్చినట్టే."

"ఆ చక్రాలు మార్చినోడెవుడు?"

"ఆడూ ఊరికే మార్చుంటాడు" అంది అమ్మ వంటింట్లోంచి.

విండోస్, లినక్స్ రెండూ ఒకేచోట ఉంచి, కావలసినప్పుడు కావలసింది వాడుకునే పద్ధతీ ఉంది. కానీ మా డిస్కు చిన్నది. నాన్న ఆటకీ లైనుకీ తోడు రెండు సిస్టమ్‌లు అందులో పట్టవు. పాతది పోవాల్సిందే. నాన్న గ్లాసు అడుగున మిగిలిన టీ తాగేసి, "సెయ్యి. సదూకున్నావు కదా" అన్నాడు. ఆ మాటలో నమ్మకం ఎంత ఉందో, పరీక్ష ఎంత ఉందో నాకు తెలియలేదు.

లైను ఉన్న ఫోల్డర్ని రెండు పెన్‌డ్రైవుల్లోకి ఎక్కించాను. ఒకటి, దాంట్లో నా కాగితాలు కూడా ఎక్కించుకుని, నా దగ్గర పెట్టుకున్నాను. రెండోది నాన్న చొక్కా జేబులో వేసుకుని గుండీ పెట్టుకున్నాడు. అది ఉన్నంత మాత్రాన ధైర్యం రాదు. కొత్త సిస్టమ్‌లో ఆట నడవకపోతే ఆ లైను జేబులో ఉన్నా లేనట్టే. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

మర్నాడు పొద్దున మొదలుపెట్టబోతుంటే నాన్న వెనక నుంచి, "జెండా కట్టు" అన్నాడు.

వర్క్‌షాపులో ఉన్న పద్ధతి అది. వ్యాగన్ కిందికి దూరే మనిషి ముందు ఎర్రజెండా పెడతాడు. అది ఉన్నంతసేపు ఆ వ్యాగన్‌ని ఎవరూ ముట్టుకోకూడదు, కదపకూడదు. పని అయ్యాక పెట్టినవాడే తియ్యాలి. ఎంత పెద్ద ఆఫీసరైనా ఇంకొకడు పెట్టిన జెండా మీద చెయ్యి వెయ్యడు. నా చిన్నప్పుడు మా క్వార్టరులో అమ్మ వడియాలు ఎండబెట్టినా పక్కన ఎర్రగుడ్డ ఉండేది, మేమెవరం అటు వెళ్ళేవాళ్ళం కాదు. అమ్మ పాత జాకెట్టు ముక్క ఒకటి తీసి, కంప్యూటర్ తీగ ఉన్న స్విచ్ బోర్డుకి కట్టాను. నాన్న దాన్ని ఒకసారి లాగి చూసి, బాబాయ్‌తో బజారుకి వెళ్ళిపోయాడు.

ఇక ఆ పొద్దున నా సంతోషం ఏమని చెప్పను. లినక్స్ ఎక్కించుకున్న ఇంకో పెన్‌డ్రైవు పెడితే, దాంట్లోంచి అది తెరుచుకుంది. డిస్కులో ఉన్నదంతా చెరిపెయ్యమంటావా అని అడిగింది. ఆ వాక్యాన్ని పరీక్ష పేపరు చదివినట్టు చదివి, సరే అన్నాను. నేను కాఫీ కలుపుకుని వచ్చేసరికి పని అయిపోయింది. కంప్యూటర్‌ని ఆపి మళ్ళీ వేస్తే, కుర్చీ సర్దుకునే లోపల తెరుచుకుంది. అమ్మ చూసే సీరియల్ వీడియోలు వచ్చాయి. ఉద్యోగాలకి పంపడానికి నేను రాసుకున్న కాగితాలన్నీ చక్కగా తెరుచుకున్నాయి. ప్రింటరు మాటవరసకి కూడా మొండికెయ్యలేదు. ఫ్యాను మోత లేదు.

అమ్మ గుమ్మంలోంచి తొంగి చూసింది. "సప్పుడు లేదేటే? సచ్చిపోనాదేటి?"

"బాగుందమ్మా, అందుకే చప్పుడు లేదు."

"సప్పుడు సెయ్యని పిల్లల్నీ మెషీన్లనీ నమ్మకూడదు" అని వెళ్ళిపోయింది.

ఆట మాత్రం ఏడిపించింది. పెట్టాను, తెరిచాను, నల్లటి తెర వచ్చింది. చక్రాలు మార్చే ఆ మధ్య ప్రోగ్రాంలో రకరకాలు ఉన్నాయి. ఎవరెవరో ఇంటర్నెట్‌లో రాసిపెట్టిన సలహాలన్నీ చదివాను. వాటి మీదా నాకు అనుమానమే. ఒకడు ఇది పెట్టమంటాడు, కింద ఇంకొకడు అది పెడితే మొత్తం పోతుందంటాడు. చివరికి ఆ ప్రోగ్రాంలో ఇంకో రకం పెడితే ఆట తెరుచుకుంది. నాన్న ఫోల్డర్ని దాంట్లోకి ఎక్కించాను. ఖరగ్‌పూర్ స్టేషన్ వచ్చింది, పట్టాలు వచ్చాయి. బోర్డుల మీద నాన్న రాసిన తెలుగు వరస ఉండాల్సిన చోట ఖాళీ డబ్బాలు కనిపించాయి. తెలుగు అక్షరాల ఫాంటు పెట్టాక ఆ డబ్బాల్లోంచి "హిజ్లీ" అని పేరు బయటికి వచ్చింది. అప్పుడు నేను కుర్చీలోంచి లేచి గది అంతా ఒక చుట్టు తిరిగాను. బండి తోలి చూశాను. బెల్దా దాకా ఎక్కడా ఆగలేదు.

సరిగ్గా అప్పుడే కాలేజీ స్నేహితురాలు ఫోన్ చేసింది, సర్టిఫికెట్లు ఇస్తున్నారట, తొందరగా రమ్మని. చెప్పులేసుకుని పరుగెత్తాను. దారిలో కూరగాయల బండి దగ్గర నాన్న కనిపించాడు. "అయిపోనాది నాన్నా. నీ బండి నడుస్తన్నాది, ఎల్లి సూసుకో" అని అరుస్తూ ఆటో ఎక్కాను. నాన్న "ఠీక్ హై" అన్నట్టు చెయ్యి ఎత్తాడు.

సర్టిఫికెట్ గుండెలకి హత్తుకుని ఇంటికి వచ్చేసరికి నాన్న కంప్యూటర్ ముందు ఉంటాడనుకున్నాను. వరండాలో కూర్చుని సైకిల్ గొలుసుకి నూనె వేస్తున్నాడు. సర్టిఫికెట్ తీసుకుని, నూనె అంటకుండా అంచులు పట్టుకుని, ఒక్క అక్షరం వదలకుండా చదివాడు. అమ్మని పిలిచి చూపించాడు. కంప్యూటర్ మాట ఎత్తలేదు.

మర్నాడూ ఎత్తలేదు. ఆ మర్నాడూ అంతే.

అనుమానం అక్కడ మొదలైంది. ముందు బాబాయ్ మీద వచ్చింది. వెనక తలుపు గురించి మళ్ళీ ఏదో నూరిపోసి ఉంటాడు. తర్వాత అమ్మ మీద వచ్చింది. చప్పుడు లేదని నాన్నకి చెప్పి ఉంటుంది. నేను బయటికి వెళ్ళేటప్పుడు కుర్చీ ఎటు తిరిగి ఉందో చూసుకుని వెళ్ళేదాన్ని. వచ్చేసరికి అటే ఉండేది. ఆట చివరిసారి ఎప్పుడు తెరిచారో దాంట్లో కనబడుతుంది. తెరిచింది నేనే, ఇంకెవరూ లేరు. నాన్న భోజనం చేస్తాడు, వరండాలోకి వెళ్తాడు, ఆటోల బ్రేకులు వింటాడు. మళ్ళీ "ఇది ఆగదు" అనడం మొదలుపెట్టాడు.

ఏదో నచ్చక దూరంగా ఉంటున్నాడనుకుని నేను దాన్ని ముస్తాబు చెయ్యడం మొదలుపెట్టాను. ఆయన కళ్ళకి ఆనేలా అక్షరాలు పెద్దవి చేశాను. తెర మీద ఇంజన్ బొమ్మ పెట్టాను. ఏ మీటలు ఆయన వేళ్ళకి అలవాటో గుర్తుచేసుకుని అవే కుదిర్చాను. రోజూ ఏదో ఒకటి. నేను కూర్చున్నప్పుడు నాన్న ఒక్కోసారి గుమ్మం దగ్గరికి వచ్చి, లోపలికి చూసి వెళ్ళిపోయేవాడు. ఆ చూపులో కోపం ఉంటే అర్థమయ్యేది. జాలి ఉంది. నాన్న నా మీద జాలిపడటం ఏమిటని నాకు ఇంకా పెద్ద అనుమానం.

"నాన్న ఎందుకు ముట్టుకోడమ్మా?" అని అడిగాను.

"ఆయన సంగతి ఆయన్నడుగు. నాను మద్దెలో రాను" అంది అమ్మ. ఆవిడకి ఏదో తెలుసు, చెప్పడం లేదని అనుకున్నాను.

ఒక సాయంత్రం గదిలో ఉండగా వరండాలో మాటలు వినిపించాయి.

"ఏటన్నా, ఇంకా బండి ఎక్కలేదా?" బాబాయ్ గొంతు.

"లేదురా. దాని పని అవ్వలేదు."

"అయిపోనాదని ఊరంతా సెప్పుకున్నాది కదేటి?"

"సెప్తాది. సదువైన ఊపు. అవ్వలేదంటే నామోషీ. రోజూ కూకుంటాది, ఏదో సేస్తాది, లెగుస్తాది. పాపం, అడిగితే ఏడుస్తాదని నానూ అడగలేదు."

"లైను పోనాదంటావా?"

"పోతే పోనీ. మళ్ళీ ఏసుకుంటాను. పిల్లతో అనకు" అన్నాడు నాన్న.

నేను వరండాలోకి వచ్చేశాను. "ఎవరన్నారు అవ్వలేదని? ఆ రోజే సెప్పినాను కదా నాన్నా, అయిపోనాదని. లైను పోలేదు. బెల్దా దాకా నేను తోలి సూసినాను."

"సెప్పినావు. నోటితో సెప్పినావు" అన్నాడు నాన్న, నన్ను సముదాయిస్తున్నట్టు.

"నోటితో కాకపోతే దేంతో సెప్తారు?"

నాన్న గెడ్డంతో కిటికీ లోపలికి చూపించాడు. స్విచ్ బోర్డుకి అమ్మ జాకెట్టు ముక్క వేలాడుతోంది.

బాబాయ్ తల పట్టుకున్నాడు. "ఓలమ్మో. జెండా తియ్యలేదేటే నువ్వు?"

తియ్యలేదు. కాలేజీకి పరుగెత్తిన హడావిడిలో తియ్యలేదు, తర్వాత అది నా కళ్ళకి ఆనలేదు. నేను కట్టుకున్న జెండా కింద నేను పని చేసుకోవచ్చు కాబట్టి రోజూ ఆ గుడ్డ పక్క నుంచే స్విచ్ వేసి కూర్చున్నాను. నాన్నని రప్పించాలని నేను ఎంత మెరుగులు దిద్దానో, ఆయనకి అంత గట్టిగా నమ్మకం కుదిరింది, లోపల ఏదో విరిగిపోయిందని, పిల్ల చెప్పుకోలేక కుస్తీ పడుతోందని.

"చూస్తూనే ఉన్నావు కదా నాన్నా, నువ్వే తీసెయ్యొచ్చు కదా."

నాన్న నన్ను చూసిన చూపు, నడిరోడ్డు మీద ఎవరి జేబులోనో చెయ్యి పెట్టమన్నట్టు ఉంది. "నువ్వు కట్టినది నాను తియ్యడమేటి?"

"పోనీ తియ్యమని చెప్పొచ్చు కదా."

"కింద మనిషి ఉండగా జెండా తియ్యమని ఎవుడైనా అడుగుతాడేటే?" అన్నాడు బాబాయ్. ఆ విషయంలో మాత్రం ఇద్దరూ ఒకటే.

అమ్మ చీపురు పట్టుకుని వచ్చింది. "నానూ రోజూ దాన్ని తప్పించే తుడుస్తన్నాను. ఇంకా ఎన్నాళ్ళు తుడవాలో అనుకున్నాను."

ముందు నవ్వింది బాబాయ్. తర్వాత అమ్మ. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. నాన్న నవ్వలేదు. ఆయన కిటికీ వైపే చూస్తున్నాడు, బెల్దా దాకా అన్న మాట ఇప్పుడు నిజంగా చెవిలో పడినట్టు.

వెళ్ళి గుడ్డ విప్పి అమ్మ చేతికిచ్చాను. నేను పక్కకి జరిగాకే నాన్న లోపలికి వచ్చాడు. కుర్చీలో కూర్చునే ముందు పెట్టె వెనక్కి వంగి చూశాడు, చెవి పెట్టి విన్నాడు. "సప్పుడు లేదు" అన్నాడు బాబాయ్‌తో. "నానూ అదే సూస్తన్నాను" అన్నాడు బాబాయ్.

ఆట తెరుచుకుంది. ఖరగ్‌పూర్ స్టేషన్‌లో ఆయన నిలబెట్టిన బండి నిలబడే ఉంది. నాన్న కదిలించలేదు. ముందు బ్రేకు వేసి చూశాడు, వదిలాడు, మళ్ళీ వేశాడు. సిగ్నళ్ళు ఒక్కొక్కటీ దగ్గరికి లాక్కుని చూశాడు. హిజ్లీ దగ్గర చెరువు ఏ పక్కన ఉందో చూశాడు. ఎక్కడో ఏదో మారి ఉంటుందని వెతుకుతున్నాడు, దొరకడం లేదు. దొరకనకొద్దీ ఆయన నుదుటి మీద గీతలు పెరుగుతున్నాయి.

చివరికి బండి కదిలింది. నారాయణగఢ్ దాటింది. బెల్దా ప్లాట్‌ఫారం మీద బండి ఆపాక నాన్న చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. నేను ఆయన నోటి వైపు చూస్తున్నాను.

"తోలడం సరే. ఎయ్యడం ఉందా?" అన్నాడు.

లైను వేసే భాగం నేను తెరిచి చూడనే లేదు. అన్ని రోజులు అక్షరాలూ బొమ్మలూ సర్దుతూ కూర్చున్నాను, ఆయనకి అసలు కావలసింది చూడలేదు. నాన్న దాన్ని తెరిచే మీట నొక్కాడు. తెర బిగుసుకుపోయింది. చెట్లు కదలవు, బాణం గుర్తు కదలదు.

"నాను ముందే సెప్పినాను" అని మొదలుపెట్టబోయాడు బాబాయ్.

"ఉండు" అన్నాడు నాన్న. ఆయన మెషీన్ని చూడటం లేదు, నా మొహం చూస్తున్నాడు. నాకు తెలిసింది ఒక్కటే: మొదటిసారి తెరిచినప్పుడు అది లోపల ఏవేవో సిద్ధం చేసుకుంటుంది, టైం పడుతుంది. అలా అని చదివాను. చదివింది నిజమో కాదో నాకూ తెలియదు. "ఆగు నాన్నా. వస్తాది" అన్నాను.

నాన్న కుర్చీలో వెనక్కి వాలి కూర్చున్నాడు. అమ్మ వచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడింది. చాలాసేపటికి బాణం గుర్తు ఒకసారి ఉలిక్కిపడింది. తర్వాత చెట్లు ఊగాయి. బెల్దా దగ్గర ఆగిపోయిన పట్టాల చివర, కొత్త పట్టా అతికించే గుర్తు వెలిగింది.

నాన్న ఒక ముక్క వేశాడు. నిలిచింది. ఇంకో ముక్క వేశాడు. సేవ్ చేసి, మొత్తం మూసేసి, మళ్ళీ తెరిచి చూశాడు. రెండు ముక్కలూ ఉన్నాయి.

"బెల్దా తరవాత నేకుర్సేని. అక్కడి దాకా నేరుగానే ఎల్లాల" అన్నాడు, ఎవరితోనూ కాకుండా. అన్నానికి పిలిచినా లేవలేదు. పళ్ళెం అక్కడికే వెళ్ళింది.

ఇంత జరిగినా ఆయన అనుమానం పోయిందని మాత్రం చెప్పలేను. లేచి వెళ్ళేటప్పుడు ఇంటర్నెట్ తీగ పీకి పక్కన పెడతాడు. కొత్త ప్రోగ్రాం ఏదైనా పెట్టబోతే అది పాస్‌వర్డ్ అడుగుతుంది. అడిగినప్పుడల్లా "ఎందుకడుగుతన్నాది?" అని నన్ను పిలుస్తాడు. అడగకపోతే ఎందుకు అడగలేదని పిలుస్తాడు. నేను మాత్రం డిగ్రీ కబురు చెప్పిన వాళ్ళందరికీ ఈ కబురూ చెప్పాను. పాల దాదాకి ఏమీ అర్థం కాలేదు, అయినా నవ్వాడు.

ఒక రోజు నాన్న, "హారను ఆలీసంగా ఒస్తంది. నొక్కినాక ఒస్తంది" అన్నాడు. విన్నాను. నిజమే, రెప్పపాటు ఆలస్యం.

"ఆ చక్రాలు మార్చే ప్రోగ్రాం చేసినవాళ్ళకి రాద్దామా నాన్నా? అలాంటివి చెప్పమనే అడుగుతారు."

"జవాబిస్తారేటి?"

"ఇవ్వొచ్చు."

పక్కన కూర్చుని చెప్పించాడు, నేను ఇంగ్లీషులో రాశాను. మర్నాడే జవాబు వచ్చింది. ఏ దేశం వాడో, పేరు బట్టి తెలియలేదు. చెప్పినందుకు సంతోషం, సరిచేయడానికి చూస్తాను, మీ కంప్యూటర్ వివరాలు కొన్ని పంపగలరా అని రాశాడు. చదివి తెలుగులో చెప్పాను.

నాన్న కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "ఇప్పుడు దొరికినాడు. ఏటి వివరాలట?"

"లోపల ఏ కార్డు ఉంది, ఎంత మెమరీ ఉంది, అవే."

"ఊరు పేరు అడిగినాడా?"

"లేదు."

"నా పేరు?"

"లేదు నాన్నా."

నాన్న ఆ ఉత్తరం వైపు చూశాడు. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కోవడమే తప్ప ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఏ వరసలో ఏముందో వెతుకుతున్నట్టు చూశాడు.

"కార్డు సంగతి సెప్పు. మెమరీ సంగతి అడిగితే సెప్పు" అన్నాడు.

"అడిగినాడు కదా."

"మళ్ళీ అడగనీ." ఆ వెంటనే, "హారను తప్ప మిగతాదంతా బాగున్నాదని కూడా రాయి. బెల్దా దాటి లైను ఎల్తన్నాదని రాయి" అన్నాడు. నేను రాయడం మొదలుపెట్టాక నా భుజం మీదుగా వంగి, ఎక్కడైనా ఖరగ్‌పూర్ అన్న మాట పడుతుందేమోనని చూస్తూ నిలబడ్డాడు.